రూప్‌రేఖ బాగుంది

యర్రయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుందని భిలాయ్ క్యాంప్ 2లో అందరూ అంటారు. వాళ్ళకు సరిగ్గా తెలియదు. అతని కోపం ఉండేది కుడిచేతి పిడికిట్లో. పందొమ్మిదేళ్ళ వయసులో మేనమామ వెంట బొబ్బిలి నుంచి వచ్చి, హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీ షెడ్లలో గ్యాస్ కటింగ్ నేర్చుకున్నాడు. రెండంగుళాల ఇనప పలకను వెన్నముద్దలా కోసేవాడు. అంత పనివాడు ఏ షెడ్డులోనూ మూడేళ్ళు నిలవలేదు. ఒకచోట సూపర్‌వైజర్ "ఏయ్ ఆంధ్రా" అని పిలిచినందుకు రెండు పళ్ళు రాలగొట్టాడు. ఒక పెళ్ళి భోజనాల దగ్గర బావమరిది పోలయ్య ఏదో వేళాకోళమాడితే చెంప మీద ఒక్కటిచ్చాడు. పోలయ్యకు ఈరోజుకీ ఆ వైపు చెవి వినపడదు.

ఇక భార్య అప్పలనరసమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. కూర మాడినా దెబ్బలే, షెడ్డులో ఎవడో మాటన్నా దెబ్బలే. అడిగినవాళ్ళకు బాత్రూంలో జారిపడ్డానని చెప్పేది. అన్నిసార్లు మనిషిని పడేసే బాత్రూం ఆ వీధి మొత్తానికి ఒక్కటీ లేదు.

ఒక్క కూతురు జ్యోత్స్న మీద మాత్రం పదిహేడేళ్ళలో అతని చెయ్యి పడలేదు. "నాను సెయ్యెత్తితే ఈదంతా బెదురుతాది. నా గుంట బెదరదు" అని కూతురి గురించి గొప్పగా చెప్పుకునేవాడు. తాను పూర్తిగా చెడ్డవాడు కాదనడానికి అతని దగ్గరున్న రుజువు అదొక్కటే. అందుకే ప్రాణంలా పట్టుకున్నాడు.

జ్యోత్స్న పన్నెండో క్లాసు. బుధవారం జరిగే జిల్లా వ్యాసాల పోటీకి తయారవుతోంది. విషయం: శ్రమకు గౌరవం. రాయాల్సింది హిందీలో. క్యాంప్ 1లో ట్యూషన్ చెప్పే గిరీష్ దగ్గర నేర్చుకుంటోంది. గిరీష్ తాతది శ్రీకాకుళం, గిరీష్‌ది మాత్రం పూర్తిగా భిలాయ్. ఇంట్లో తెలుగు మాట్లాడినా, కాస్త పెద్దమాట కావాలంటే హిందీలోనే దొరికేది. కలం దొరకగానే రాసెయ్యకూడదు, ముందు ఏం చెప్పాలో, ఏది ముందో ఏది వెనకో ఒక కాగితం మీద వేసుకోవాలి, తర్వాత చిత్తు, తర్వాత కోత, ఆఖరున శుభ్రమైన ప్రతి అని పిల్లలకు నూరిపోసేవాడు. ఆ మొదటి కాగితాన్ని హిందీలో రూప్‌రేఖ అంటారు. జ్యోత్స్న నాలుగు చింపేసి, ఐదోది వేసింది.

ఆదివారం పొద్దున యర్రయ్య కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఆ పిల్ల పక్క కొట్టుకు జిరాక్సుకి వెళ్ళింది. గిరీష్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"నమస్తే అంకుల్! జ్యోత్స్న రూప్‌రేఖ చూసాను. మస్తుంది."

"ఏటీ?"

"రూప్‌రేఖ అంకుల్. పైన బాగుంది, కింద బాగుంది. మజ్జిన కొంచెం లావైంది. అది తగ్గించేస్తే ఎవరూ కళ్ళు తిప్పుకోలేరు. బుధవారం దాకా రోజూ పంపండి, నేను దగ్గర కూర్చోబెట్టుకుని సరిచేస్తాను."

తెలుగు నేల మీద పుట్టినవాడికి రూపురేఖలంటే ముక్కూ మొహం, ఒళ్ళూ నడుమూ. పెద్దాయనతో తెలుగులో మాట్లాడితే సంతోషిస్తాడనుకున్నాడు పాపం గిరీష్.

మొదటి గుద్దుకే అతని తల వెనక బోర్డుకి కొట్టుకుంది. "నా గుంట నడుం నీకెందుకురా, లం..." అంటూ యర్రయ్య ఇనప స్టూలు ఎత్తాడు. గిరీష్ మొహానికి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. స్టూలు ఆ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు బల్లల కింద దాక్కున్న పిల్లలకు కూడా వినపడింది. "అంకుల్, నిబంధ్..." అని వ్యాసం సంగతి చెప్పబోతే నోటి మీద కొట్టాడు. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. నెత్తురు పిల్లల పుస్తకాల మీద చిందింది. ఆపడానికి వచ్చిన పక్కింటాయనను గోడకేసి తోశాడు.

బయటికి పారిపోయిన ఒక పిల్లాడు జరిగింది చెబితే, జ్యోత్స్న పరుగెత్తుకొచ్చి ఇద్దరి మధ్యా పడింది. "నాన్నా! అది కాగితం! రూప్‌రేఖ అంటే ఈ కాగితం!"

యర్రయ్యకు హిందీ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. కూతురు ఏడుస్తూనే వేలు పెట్టి చదివింది. "ఒకటి, శ్రమంటే ఏమిటి. రెండు, మా నాన్న పని. నిప్పు ముందు పదేసి గంటలు, కాలిన చేతులు. మూడు, మనం ఇవ్వాల్సిన గౌరవం. మజ్జిన లావైందని నీ గురించే అన్నారు నాన్నా. నీ గురించి పది ముక్కలు ఎక్కువ రాసాను."

యర్రయ్య స్టూలు వదిలేశాడు. కింద గిరీష్ నోట్లోంచి నెత్తురు ఉమ్ముతున్నాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టాక మధ్యాహ్నానికి అందరూ ఠాణాలో ఉన్నారు. అప్పలనరసమ్మ కూడా వచ్చింది. ఫిర్యాదు రాసివ్వాలన్నాడు అక్కడ రాతకోతలు చూసే పోలీసు మున్షీ. గిరీష్ కుడిచెయ్యి మోచేతి దాకా సిమెంటు కట్టులో ఉంది.

"నేను రాస్తాను" అంది జ్యోత్స్న.

"నువ్వొద్దమ్మా" అన్నాడు గిరీష్. వాచిన పెదాలతో మాట సరిగ్గా రాలేదు. "ఇంకెవరినైనా పిలుద్దాం."

"రాయనీ బాబూ" అంది అప్పలనరసమ్మ. "రాయే అమ్మా. తప్పుల్లేకండా రాయి."

జ్యోత్స్న నేర్చుకున్నట్టే చేసింది. చిత్తుకాగితం మీద ముందు నాలుగు ముక్కలు వేసుకుంది. తర్వాత రాయడం మొదలుపెట్టింది. 'మా నాన్నగారు' అని రాసి, కొట్టేసి, పేరు రాసింది. తల్లి వంగి చెవిలో ఏదో చెప్పింది. జ్యోత్స్న ఆమె మొహంలోకి చూసి, ఇంకో ముక్క చేర్చుకుంది.

బెంచీ రెండో చివర కూర్చున్న యర్రయ్య తొంగి చూశాడు. "ఏటి రాస్తన్నావమ్మా?"

"జరిగింది."

"పొరపాటని రాయవేటి?"

"రాసాను. మాట అర్థం కాకపోవడం పొరపాటని రాసాను. కొట్టడం పొరపాటు కాదు కదా నాన్నా. అమ్మనీ అలాగే కొట్టావు. అదీ రాసాను."

యర్రయ్యకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. లేచి వెళ్ళి, చిన్నప్పుడు నిమిరినట్టు కూతురి తల నిమరబోయి చెయ్యెత్తాడు.

జ్యోత్స్న కెవ్వుమంది. రెండు మోచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని తల్లి ఒళ్ళోకి ముడుచుకుపోయింది.

మున్షీ లాఠీ తీసుకుని లేచాడు. యర్రయ్య చెయ్యి దించేశాడు. కాసేపటికి జ్యోత్స్న బెంచీ కింద పడ్డ కలం ఏరుకుని, అతని వైపు చూడకుండా తల్లికి అవతలి పక్కకు జరిగి కూర్చుని, మిగతాది రాసింది.