గేటు బయట గుండీ

మా మామగారు పోయారు. పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున వాకింగుకి బయల్దేరి, చెప్పులు వేసుకోవడానికి వరండాలో కుర్చీలో కూర్చున్నారు. ఒక చెప్పు వేసుకున్నారు, రెండోది వేసుకోలేదు. నేను కాఫీ గ్లాసు తీసుకుని వెళ్ళేసరికే అంతా అయిపోయింది.

వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "మంచం పట్టలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు, అదృష్టవంతుడమ్మా" అన్నారు. నిజమేనని నేనూ తలూపాను. కానీ ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. పాలు పొయ్యి మీద పెట్టి వీధి గుమ్మంలోకి వెళ్తాను, ఎందుకెళ్ళానో తెలియదు. క్లాసులో పాఠం మధ్యలో ఆగిపోతాను. కారణం చెబితే మీరు నవ్వుతారేమో. ఆయన పోవడానికి మూడు రోజుల ముందు, ఆదివారం సాయంత్రం, నేనాయన్ని కోట గేటు బయట నిలబెట్టేశాను. ఆయన ఇంకా అక్కడే ఉన్నారు.

ఆ కోట నిజం కోట కాదు. మా ఇంట్లో ఆదివారాలు ఒక ఆట ఆడతాం. రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. ఒకరు కథ చెబుతుంటే మిగిలినవాళ్ళు అందులో తలో పాత్ర అవుతారు. తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు, అది ఎక్కడుందో బల్ల మీద పావు జరిపి చూపిస్తారు, ఎటూ తేలనిచోట పాచిక వేస్తారు. కథ చెప్పేదాన్ని నేను. ఆ లోకం కూడా నేను కల్పించిందే, రెండు లాంగ్ నోట్‌బుక్కుల నిండా ఉంది. నా పుట్టిల్లు కనిగిరి కాబట్టి అందులో కోట కొండ మీద ఉంటుంది, కింద ఎర్రనేలలు, మెట్టపొలాలు. మూడొందల ఏళ్ళు బతికే రాతివాళ్ళు, ఎండాకాలం వలసపోయే రెక్కలవాళ్ళు, మనలాంటి మామూలు మనుషులు అందులో ఉంటారు. ఆడేవాళ్ళు మొదట్లో ముగ్గురే: మా ఆయన, మా కాలేజీలో లెక్కల మాస్టారు, బోటనీ మేడమ్.

మా మామగారు రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నల్లపాడు అవతల ఒక గేటు దగ్గరే ఆయన సర్వీసు చాలావరకు గడిచింది. మా ఇంటికి రైలు కూత వినిపిస్తుంది. భోంచేస్తూ కూత వింటే నమలడం ఆపేసేవారు. బండి పూర్తిగా వెళ్ళిపోయాక మళ్ళీ ముద్ద కలిపేవారు. పెళ్ళైన కొత్తలో కూరలో ఏదో పడిందేమోనని హడలిపోయేదాన్ని.

ఆట ఆయన కంట్లో పడింది రెండేళ్ళ క్రితం. పేపరు చదువుతున్నట్టు ఓ మూల కూర్చుని నాలుగు వారాలు విన్నారు. ఐదో వారం నా నోట్‌బుక్కు అడిగి తీసుకుని, వేలు పెట్టి చదివారు.

"ఏందమ్మాయ్ ఇదీ, అందరికీ తలా నాలుగు పేజీలు రాశావు. ఈ బూడిదవాళ్ళకి అర పేజీయే ఉందే?"

"వాళ్ళు శత్రువులు మామయ్యగారూ. ఆ జాతిని ఎవరూ తీసుకోకూడదు."

"వీళ్ళేం తింటారు?"

రాయలేదు. పెళ్ళిళ్ళు ఎట్టా చేసుకుంటారని అడిగారు. అదీ రాయలేదు. ఎన్ని దెబ్బలకి చస్తారో మాత్రం రాశాను. కింద గీత గీసి 'ఆడటానికి వీల్లేదు' అని కూడా రాశాను.

"అయితే నేను వీళ్ళల్లో ఒకణ్ణి. మీ ఆటలో కలుపుకుంటే కలుపుకోండి, లేపోతే పేపరు చదూకుంటా" అన్నారు.

కలుపుకున్నాం. పాచిక మీద అంకెలు కనపడటంలేదని విసుక్కుని, చింతపిక్కలు ఒకవైపు తెల్లగా అరగదీసుకుని తెచ్చుకున్నారు. పావుగా పాత యూనిఫారం గుండీ ఒకటి పెట్టారు. మెరుపు పోయి నిజంగానే బూడిద రంగులో ఉండేది. ఎవరి పావు వాళ్ళే కదపాలన్నది ఆయన పెట్టిన నియమమే. లెక్కల మాస్టారు ఒకసారి సాయం చేయబోయి గుండీని జరిపితే, "నా కాళ్ళు బానే ఉన్నాయి మాస్టారూ" అని మళ్ళీ వెనక్కి పెట్టి తానే జరుపుకున్నారు.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. నేను గడియ వేసిన తలుపు మళ్ళీ వెళ్ళి చూసేవారు. నేను కట్టేసిన గ్యాసు మళ్ళీ తిప్పి చూసేవారు. బీపీ మాత్ర వేసుకోమంటే పోట్లాట, గోంగూర పచ్చడి వద్దంటే రెండు రోజులు మాటలుండవు. కానీ ఆయన నా లోకానికి చేసిన మేలు నేనెవరికీ చెప్పుకోలేదు. బూడిదవాళ్ళకి ఆయన రాగి సంకటి పెట్టారు, పెళ్ళిలో అల్లుడు అత్త కాళ్ళకి బూడిద రాసే ఆచారం పెట్టారు, అలిగే వదినల్ని పెట్టారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళకి పదకొండు పేజీలయ్యాయి.

ఒక్కసారి మాత్రం ఉద్యోగం సంగతి మాట్లాడారు. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే గుమ్మంలో నిలబడి చెప్పారు. మిర్చి సీజను, గేటుకి అటూ ఇటూ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేసుకున్న ట్రాక్టర్లు, జనమంతా తుమ్ములు. ఒక ఆటోలో నెలలు నిండిన పిల్ల నొప్పులు పడుతోంది. వాళ్ళమ్మ దిగొచ్చి ఈయన కాళ్ళు పట్టుకుంది.

"బండి కనపళ్ళేదు గదా, తియ్యి నాయనా అంది. తియ్యలేదమ్మాయ్. తియ్యకూడదు. బండెళ్ళాక తీశా, ఆటో ఎళ్ళిపోయింది. ఆ పిల్లకేమైందో నాకు తెలీదు."

"మీ తప్పేముంది మామయ్యగారూ?"

"గేటెయ్యటం తప్పుగాదు. ఎంతసేపు నాయనా అని ఆమె నాలుగుసార్లు అడిగింది. నేను మొహం పక్కకి తిప్పుకున్నా. అది తప్పు."

ఆ తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారట. గేటు వేశాక స్టేషనుకి ఫోన్ చేసి కనుక్కోవడం, అటూ ఇటూ ఆగినవాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళి "ఇంకో ఏడు నిమిషాలు" అని చెప్పడం. తిట్టేవాళ్ళు తిట్టేవారు. అయినా గేటు తెరిచేదాకా వాళ్ళ కళ్ళముందే నిలబడేవారట, గదిలోకి వెళ్ళేవారు కాదు.

ఇక ఆ ఆదివారం సంగతి. మా కథలో అందరూ ఏడాదిన్నర నడిచి నడిచి చివరికి కొండ మీది కోట చేరారు. కోట గేటంటే రెండు అగ్గిపెట్టెల మీద పెట్టిన స్కేలు. బురుజు మీద కాపలావాడు, అంటే చదరంగం బంటు. వాడి మాటలు నేనే మాట్లాడాలి. రాతివాణ్ణి రానిచ్చాను, రెక్కలావిణ్ణి రానిచ్చాను, మనిషిని రానిచ్చాను. గుండీ దగ్గర స్కేలు దించేశాను. బూడిదవాళ్ళకి కోటలో ప్రవేశం లేదని నోట్‌బుక్కులో మొదటినుంచీ రాసుంది. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు ఆయన మీద కోపం కూడా ఉంది. మధ్యాహ్నం అందరి ముందూ నా వెనకే వచ్చి గ్యాసు తిప్పి చూశారు.

ఆయన వాదించలేదు. బురుజు వైపు తలెత్తి, "ఎంతసేపయ్యా?" అని కాపలావాణ్ణి అడిగారు.

"నీ జాతికి ఎప్పటికీ లేదు" అన్నాను.

చాలాసేపు గుండీనే చూశారు. "ఎంతసేపో చెప్తే గేటమ్మాయ్. చెప్పకపోతే గోడ" అన్నారు. ఆ మాటకి నాకు ఇంకా ఉడుకుమోత్తనం వచ్చింది. "ఇవాల్టికి ఆట అయిపోయింది" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. "సర్లే, వచ్చే వారం చూద్దాం" అన్నారు వెనకనుంచి. వచ్చే వారానికి ఆయన లేరు.

కర్మకాండలైనన్ని రోజులూ ఆ బల్లని ఎవరూ కదపలేదు, పైన దుప్పటి కప్పాం. పెద్దకర్మ అయిన రాత్రి నుంచి నోట్‌బుక్కు తీసి రాయడం, చింపడం. రాజుగారు ఆజ్ఞ మార్చినట్టు రాశాను, అబద్ధంలా ఉంది. గుండీ ఏదో మంత్రంతో లోపలికి వచ్చినట్టు రాశాను, అదింకా అబద్ధం. కాలేజీలో బోటనీ మేడమ్, "కోటని కాపాడుతూ వీరమరణం పొందాడని పెట్టండి, బాగుంటుంది" అంది. ఇంటికొచ్చి ఆ మాట మా ఆయనకి చెప్పాను.

"నాన్న అట్టా పోలేదుగా" అన్నాడు.

మొన్న ఆదివారం అందరూ వచ్చారు. దుప్పటి తీశాం. నోట్‌బుక్కు తెరిచి 'ఆడటానికి వీల్లేదు' అన్న ముక్క వాళ్ళ ముందే కొట్టేశాను. తర్వాత బురుజు మీది బంటుని కిందకి దించి, గేటు బయట, గుండీ పక్కన పెట్టాను. "కాపలావాడు దిగి వచ్చి అతని పక్కన నిలబడ్డాడు" అని చెప్పాను. అది ఆయన బతికుండగా చేయాల్సిన పని.

మా ఆయన తన రాతివాణ్ణి లోపలివైపు నుంచి గేటు దాకా జరిపాడు.

"ఎంతసేపు?" అని కాపలావాణ్ణి అడిగాడు.

అప్పుడే గూడ్సు బండి కూత వినిపించింది. బోటనీ మేడమ్ జంతిక నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. మాస్టారు ఆగారు. పెట్టె తర్వాత పెట్టె, చాలా పొడుగు బండి. చప్పుడు పూర్తిగా పోయేదాకా నలుగురం కదల్లేదు.

"బండి వెళ్ళిపోయింది" అని చెప్పి స్కేలు పైకి ఎత్తాను.

గుండీ గేటు బయటే ఉంది. ఎవరి పావు వాళ్ళే కదపాలి కాబట్టి ఎవరమూ దాన్ని ముట్టుకోలేదు. స్కేలు పట్టుకున్న చెయ్యి నొప్పితో లాగుతోంది, మా ఆయన ఇక దించెయ్యమన్నట్టు చూశాడు. నేను స్కేలు ఎత్తి పట్టుకునే ఉన్నాను.