చాయ్ కోసం ఆగిన అంబులెన్స్

నేను హన్మకొండలో ఒక ప్రభుత్వ బడిలో సైన్స్ చెప్తాను. నిమ్మకాయ కోస్తే రక్తం ఎట్లా వస్తుందో, కొబ్బరికాయ మీద నీళ్లు చల్లితే మంట ఎట్లా లేస్తుందో ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు చేసి చూపిస్తాను. ఇదంతా రసాయనాల పని, దయ్యాల పని కాదు అని ఇరవై ఏళ్లుగా చెప్తున్నాను. రేపూ అదే చెప్తాను. కింద రాసింది చదివి టీచరమ్మకు మతి పోయిందని ఎవరైనా అనుకుంటే నేనేమీ బాధపడను. నాకే అప్పుడప్పుడు ఆ అనుమానం వస్తుంది.

నన్నూ మా తమ్ముడు రమేష్‌నూ పెంచింది చిన్నమ్మ. మా అమ్మకు చెల్లెలు, పేరు సమ్మక్క. అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్లు, తమ్ముడికి మూడేళ్లు. చిన్నమ్మ భర్త అంతకుముందే పోయాడు, పిల్లల్లేరు. వర్ధన్నపేట దాటి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఊళ్లో, బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. వండీ వండీ ఆమెకు లోకంలో ప్రతి మనిషీ ఆకలితో ఉన్నట్టే కనిపించేవాడు. కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చినాయనను కూడా కూర్చోబెట్టి అన్నం పెట్టేది. వద్దంటే కోపం. ఆ కోపానికి భయపడే మేమిద్దరం ఇంత లావయ్యాం.

కొన్నేళ్ల కిందట ఆమెతోపాటు వంట చేసే ఒకామె దవాఖానలో నెల రోజులు వెంటిలేటర్ మీద ఉండి పోయింది. ఆమెను చూడ్డానికి చిన్నమ్మను నేనే తీసుకుపోయాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నన్నట్ల గొట్టాలు వెట్టి పండవెట్టకు బిడ్డా. ఇంటికి తోల్కపో. తమ్మునికి చాతకాదు, నీకే చెప్తాన."

సరే అన్నాను. అనడానికేం, ఎంత సేపు.

నిరుడు ఎండాకాలం చిన్నమ్మకు మెదడులో నరం చిట్లింది. పదహారు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. డాక్టర్ మంచి మనిషి, ఏదీ దాచలేదు. మెదడు ఇక కోలుకోదని, మిషన్ ఊపిరి ఇచ్చినన్నాళ్లు గుండె కొట్టుకుంటుందని చెప్పాడు. ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను అన్నాడు. పని చెయ్యని వైద్యం ఆపడం వేరు, దానికి ఒక పద్ధతి ఉంది, మీరందరూ ఒక మాట మీదకు రండి అన్నాడు. వేరే డాక్టర్లు కూడా వచ్చి చూసి అదే చెప్పారు.

ఒక మాట మీదకు మేం రాలేదు. బస్సులో చిన్నమ్మ చెప్పింది రమేష్‌కు చెప్పాను. ఆ మాట నువ్వొక్కదానివే విన్నవు అన్నాడు. అది నిజమే, నాకు సాక్షి లేదు. వాడు ఐసీయూ బయట గోడకు ఆనుకుని నిలబడి, నా మొహం చూడకుండా అడిగాడు.

"బువ్వ వెట్టి పెంచిన మనిషికి గాలి బంద్ చేస్తవా అక్కా?"

  అయినా వైద్యం ఆపే కాగితం మీద సంతకం పెట్టాను. వాడు నన్ను ఆపలేదు, తను మాత్రం పెట్టలేదు. వాడు అడ్డు చెప్పలేదు గనక దవాఖాన వాళ్లు నా ఒక్క సంతకంతో ఒప్పుకున్నారు.

ఇంకో విషయం చెప్పాలి. బయట ప్రాణం పోయిన మనిషిని మా ఊళ్లో గడప లోపలికి తేరు. సొంత ఇల్లైనా సరే, వాకిట్లోనే పడుకోబెడతారు. నాకు అలాంటివి పట్టవు గానీ చిన్నమ్మకు పడతాయి. తను అలికి ముగ్గేసుకున్న ఇంట్లోకి తను పోలేకపోవడం ఏమిటని నాకూ అనిపించింది. అందుకని గొట్టం నోట్లో ఉండగానే అంబులెన్స్‌లో తీసుకుపోయి, ఇంట్లో తీయించాలని అనుకున్నాం. దారి పొడుగునా దవాఖాన టెక్నీషియన్ చేత్తో గాలి బ్యాగు నొక్కుతూ ఊపిరి ఇస్తాడు.

ఇల్లు సర్దడానికి రమేష్ ముందే బండి మీద పోయాడు. మేం పగలు పదకొండింటికి బయలుదేరాం. వెనక చిన్నమ్మ, నేను, టెక్నీషియన్. ముందు డ్రైవర్ ఒక్కడే. నలభై ఏళ్ల మనిషి, ఏటూరునాగారం దిక్కువాడు, మా రోడ్డుకు కొత్త. చిన్నమ్మను ఎక్కించింది దవాఖాన వాళ్లు, అతను స్టీరింగ్ దగ్గరే ఉన్నాడు. ఊరి మలుపు రాగానే దారి చెప్తానని అతనితో అన్నాను. తర్వాత ఏడుస్తూ కూర్చుని ఆ సంగతే మరిచిపోయాను.

మామునూరు దాటాక బండి ఆగింది. వెనక తలుపు ఒక రెక్క కొంచెం తెరుచుకుంది. డ్రైవర్ ఒక కాగితం కప్పులో చాయ్, ఒక బన్ను నా చేతిలో పెట్టి తాగండి మేడం అన్నాడు. నాకు ఒళ్లు మండింది. లోపల ఈ స్థితిలో మనిషి ఉంటే నీకు చాయ్ ఎట్లా గుర్తొచ్చిందయ్యా అని అరిచాను. అతను తలుపు వేసి, పోయి బండి తీశాడు. తర్వాత ఆ చాయ్ తాగాను, బన్ను కూడా మొత్తం తిన్నాను. ముందురోజు మధ్యాహ్నం నుంచి కడుపులో ఏమీ లేదు. తిన్నందుకు చాలా సిగ్గుపడ్డాను.

బండి సరిగ్గా మా ఇంటి ముందే ఆగింది. వేలికి పెట్టిన మిషన్‌లో గుండె కొట్టుకోవడం కనిపిస్తూనే ఉంది, నేనే చూశాను. లోపల మంచం మీద పడుకోబెట్టాక టెక్నీషియన్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అతను గొట్టం తీశాడు. రమేష్ చిన్నమ్మ కాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. నలభై నిమిషాలు సన్నగా ఊపిరి ఆడింది. తర్వాత ఆగిపోయింది. మొహం హాయిగానే ఉంది, కానీ నేను తల ఊపిన ఆ ఒక్క క్షణం నా మెడ మీద అట్లాగే కూర్చుండిపోయింది. రమేష్ నాతో మాట్లాడ్డం మానేశాడు. దినాలు కూడా మాటల్లేకుండానే అయిపోయాయి.

పదమూడో రోజు కాగితాల కోసం దవాఖానకు పోయాను. బయట చెట్టు కింద ఆ డ్రైవర్ కనిపించాడు. లోపల ఉన్న కోపమంతా ఎవరి మీదో ఒకరి మీద పోయాలి కదా. నీకు చాయ్ అంత ముఖ్యమైందా అని మళ్లీ మొదలుపెట్టాను. అతను బిత్తరపోయాడు.

"నేను తాగలేదు మేడం. మీకోసమే గద ఆపింది. మీతోటున్న పెద్దమ్మనే చెప్పింది."

ఏ పెద్దమ్మ అని అడిగాను. మొహం చూడలేదన్నాడు, తన సీటు వెనకున్న కిటికీ అద్దం అవతల నుంచి మాట వినబడిందన్నాడు. కొడుకా, ఈ పిల్ల నిన్నటి సంది ఏం తినలే, ఏడనన్న ఆపి జర చాయ్ తాగిపియ్యి అందట. ఊరు దగ్గర పడ్డాక, ముంగటి గల్లీ తవ్విండ్రు, బడెనుక నుంచి పో అందట. మలుపూ, ఇల్లూ కూడా ఆమే చెప్పిందట. అతను అట్లాగే పోయాడు.

 మేం బడి వెనక నుంచి వచ్చామన్నది నాకు అప్పుడే తట్టింది. పైపుల కోసం ముందు గల్లీ తవ్వింది మేం బయలుదేరడానికి ముందురోజే. అప్పటికి చిన్నమ్మ పదిహేను రోజులుగా ఐసీయూలో ఉంది. ఆ సంగతి చెప్పాలని ముందు పోయిన రమేష్ ఆ పొద్దున నాకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఐసీయూ కోసం సైలెంట్‌లో పెట్టిన ఫోన్ బ్యాగులోనే ఉండిపోయింది, నేను సాయంత్రం దాకా చూడలేదు. లోపలికి పోయి టెక్నీషియన్‌ను అడిగాను. అద్దం ఎవరూ తెరవలేదు, ఇంకో ఆడమనిషి లేదు, ఎవరి గొంతూ వినలేదు అన్నాడు.

మళ్లీ బయటికి వచ్చి డ్రైవర్‌ను అసలు మాట అడిగాను. గొట్టం గురించి ఏమన్నా చెప్పిందా, తియ్యమన్నదా, వద్దన్నదా.

అతను ఆలోచించాడు. "గొట్టం ముచ్చట ఏం చెప్పలే మేడం. మీ ఇంటి ముందల బండి ఆపంగనే, 'సాలు కొడుకా, ఇగ నేను దిగుత' అన్నది. దిగి లోపటికి పోయిందనుకున్న."

చెట్టు కిందే నిలబడి రమేష్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను.  ఆఖరి మాట ఇంకోసారి చెప్పక్కా అన్నాడు. చెప్పాను. మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పాను. ఇద్దరం ఏడ్చాం.

గుండె కొట్టుకోవడం నేను కళ్లారా చూశాను కాబట్టి, చిన్నమ్మ పోయింది నేను తల ఊపిన తర్వాతే. పిల్లలకు నేను నేర్పే లెక్క ప్రకారం దీనికి తిరుగు లేదు. కానీ మా రోడ్డే తెలియని ఒక మనిషి, ఆమె అంతకుముందే వాకిట్లో దిగిపోయిందని చెప్పాడు. ఇవి రెండూ నిజం కావడానికి వీల్లేదు. ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. ఆ రాత్రి మాత్రం, పదమూడు రోజుల తర్వాత మొదటిసారి, తెల్లారేదాకా నిద్రపోయాను.