పదకొండు వేల తెల్లకణాలు

ముందే ఒప్పేసుకుంటాను, నేను చెప్పేది కాస్త ఉబ్బుతుంది. ఇరవై ఏడేళ్లుగా అనకాపల్లిలో రక్తపరీక్షల ల్యాబు నడుపుతున్నాను. సూది గుచ్చేటప్పుడు మనిషి దృష్టి మళ్లించడానికి ఏదో ఒకటి చెప్పాలి కదా. అలా చెప్పగా చెప్పగా మా పెరట్లో అరటిగెల ఆరడుగులైంది, దాన్ని మోయడానికి ఎడ్లబండి వచ్చింది, మొన్నామధ్య లారీ కూడా వచ్చింది. కాబట్టి కింద రాసిన దాంట్లో సగం కోసేసి చదువుకోండి. ఏది కల్పించానో చివర్లో నేనే చెబుతాను.

ముందటేడు వానాకాలం సంగతి. బెల్లం మార్కెట్టుకి వెళ్లే దారిలో మా ల్యాబు, దాని ముందుగదిలో ఒక చెక్క బెంచీ. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లని నవ్వించే హక్కు నాదొక్కడిదేనని నా నమ్మకం. ఒకసారి నా మాటకి నవ్విన పెద్దాయన కట్టుడుపళ్లు ఎగిరి ఎదురుగా బట్టల కొట్లో పడ్డాయి.

మూడు వారాలకోసారి, మంగళవారం మంగళవారం, ఆ బెంచీ మీదికి ఇద్దరు ఆడవాళ్లు వచ్చేవారు. ఇద్దరికీ రొమ్ము క్యాన్సర్. ఇద్దరూ విశాఖపట్నంలో కీమో ఎక్కించుకుంటున్నారు. ఒక్కో విడతని సైకిల్ అంటారు. ప్రతి సైకిల్‌కి రెండు రోజుల ముందు సీబీసీ చేయించాలి, అంటే రక్తంలో ఏ కణాలు ఎన్నున్నాయో చూపించే పరీక్ష. కీమో మందు చెడ్డవాటితో పాటు ఒంటికి కాపలా కాసే తెల్లకణాల్ని కూడా తుడిచేస్తుంది. అవి తిరిగి మూడు వేలు దాటితే గానీ మందు ఎక్కించనని వాళ్ల డాక్టరు చెప్పారట. దాటకపోతే వారం వాయిదా. అందుకని ఇద్దరూ ఆ అంకె కోసం పదో తరగతి మార్కుల కోసం చూసినట్టు చూసేవారు.

నూకరత్నానిది సముద్రం ఒడ్డు ఊరు. చేపలమ్మిన గొంతు, విప్పితే పక్కూరు కశింకోటలో పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. ఒంటరిగా వచ్చేది, తలకి తువ్వాలు చుట్టుకుని. రెండో ఆవిడ సత్యవతిది కె. కోటపాడు, చెరుకు రైతు అప్పలనాయుడి భార్య. ఆవిడ విగ్గు పెట్టుకునేది. అప్పలనాయుడు వెనకాలే ఫ్లాస్కు, గొడుగు, దిండు, విసనకర్ర పట్టుకుని, ఇల్లు ఖాళీ చేసి వస్తున్నట్టు వచ్చేవాడు.

ఆ మంగళవారం వాళ్లకి నాలుగో సైకిల్ ముందు పరీక్ష. నేను అరటిగెల కథ ఎత్తుకున్నాను. ఎడ్లబండి దాకా వచ్చేసరికి నూకరత్నం అడ్డం తగిలింది.

“జుట్టూడిపోతాదమ్మా అన్నాడు డాట్రుబాబు. ఊడిపోనీ బాబూ అన్నాను. బజార్లో తగువొత్తే అట్టుకోడానికి ఎదటిదానికి ఏటీ దొరకదు!”

బెంచీ బెంచీ అంతా పడీ పడీ నవ్వింది. సత్యవతి విగ్గు సర్దుకుంటూ మరీ నవ్వింది. నా ఎడ్లబండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. నాకు పుట్టిన కుళ్లుని మిషన్లో పెట్టి కొలిస్తే కాగితం చాలేది కాదు.

కాసేపటికి సత్యవతి అంకె వచ్చింది. పద్దెనిమిది వందలు. అంటే వాయిదా. కాగితం తీసుకుని నా కౌంటరు దగ్గరే నిలబడింది.

“ఆవిడికెంతొచ్చింది బాబూ?”

ఒకరి రిపోర్టు ఇంకొకరికి చెప్పకూడదు. మా పనిలో మొదటి పాఠం అది. పైగా నూకరత్నం ట్యూబు ఇంకా స్టాండులోనే ఉంది. పోయినసారి ఆవిడది అయిదువేల అయిదువందలు. నా నోటి అలవాటు తెలుసు కదా, అందులో పడి అది రెట్టింపైంది.

“పదకొండు వేలు” అన్నాను.

సత్యవతి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. “సేపలు తింటాది కదా మరి. నా ఒల్లే పనికిరాదు” అని, బెంచీ వైపు చూడకుండా వెళ్లిపోయింది.

గంట తర్వాత నూకరత్నం అంకె వచ్చింది. రెండు వేల వంద. ఆవిడకీ వాయిదానే. సత్యవతికి ఫోన్ చేద్దామని తీశాను, మళ్లీ పెట్టేశాను.

తర్వాతి మంగళవారం నూకరత్నం ఒక్కర్తే వచ్చింది. “కోటపాడావిడేదీ?” అంది. అప్పలనాయుడికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను.

“రానంటంది బావా. వారం బట్టీ పొద్దున్న సేపల పులుసు, మజ్జేనం సేపల ఏపుడు. నాకు మొప్పలొచ్చేత్తన్నాయి. నిన్న అద్దంలో సూసుకుని ఆరొందలు కూడా పెరిగుండవు, పదకొండు వేలెప్పటికవుతాయి, ఇంక నాకా మందే ఒద్దని కూకుంది. ఏటి సెయ్యమంటావు?” అన్నాడు. 

నూకరత్నం నా వైపు తిరిగింది. “పదకొండు వేలు ఎవులికి?”

చెప్పక తప్పలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆ గొంతు మొదటిసారి చిన్నదైంది. “బండి తియ్యి బాబూ” అంది.

కె. కోటపాడు దారిలో గుంతలు ఎలాంటివంటే, ఒక్కోదాంట్లో ఒక్కో ట్రాక్టరు ఈదుతోంది. సత్యవతి అరుగు మీద విగ్గు లేకుండా కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కొంగు తలమీదికి లాక్కుంది. నూకరత్నం బొడ్లోంచి రిపోర్టు తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది.

“సదువు.”

“రెండు వేల వంద...” సత్యవతి మళ్లీ చదివింది. “నీక్కూడా వాయిదానా?”

“మరేటి? ఈ బాబు నోట్లో పడితే సెరువు సముద్రమైపోద్ది, నమ్మేవు సూడు.” నూకరత్నం పక్కనే కూలబడింది. “నాను వాంతి సేసుకుంటే బక్కెట్టందించినోడు లేడే. ఆయన పడవెక్కి పోతే ఎప్పుడొత్తాడో ఆ గంగమ్మకే తెలియాల. నీ మొగుడు ఆ ఫ్లాస్కట్టుకుని నీ ఎనకాల తిరుగుతుంటే ప్రతి మంగళారం కుళ్లిపోయీదాన్ని. నువ్వేమో నా రత్తం సూసి కుళ్లిపోతన్నావా?”

 సత్యవతి నెత్తిమీద కొంగు జారితే సర్దుకోలేదు. లేచి చెప్పులేసుకుంది.

ఆ మధ్యాహ్నం ఇద్దరి రక్తమూ తీశాను. మిషన్ లెక్క తేల్చడానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ రోజు అది పుష్కరం పట్టింది. అప్పలనాయుడు ఆ పన్నెండేళ్లూ విసనకర్రతో మిషన్‌కే విసిరాడు.

“నాలుగు వేల వంద” అన్నాను. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.

“మల్లీ పెంచేసేవేటి?” అంది సత్యవతి. ముగ్గురూ నన్ను పక్కకి తోసి స్క్రీను మీదికి వంగారు. అంకె మీద వేలు పెట్టి చూసుకున్నాక గానీ సత్యవతి ఏడవలేదు. నూకరత్నానికి మూడువేల తొమ్మిదివందలు వచ్చింది. సత్యవతి ముక్కు తుడుచుకుంటూనే అంది:

“అప్పా, నీకన్నా నాకే రెండొందలెక్కువ.”

“ఉండదేటి మరి, ఇసిరే మొగుడున్న రత్తం!”

ఇద్దరికీ ఆరు సైకిళ్లూ పూర్తయ్యాయి. ఇప్పుడు మూడు నెలలకోసారి పరీక్షకి వస్తారు, ఒకే ఆటోలో. ప్రతిసారీ ఆ నిమిషం మళ్లీ పుష్కరమే. ఫ్లాస్కుతో పాటు మూడో గ్లాసు కూడా ఉంటుంది, నూకరత్నానికి, నాక్కాదు. నేను నేర్చుకున్నదల్లా స్క్రీనుని గోడవైపు తిప్పి పెట్టడం. పక్కవాళ్ల అంకె ఎవరడిగినా, నా నోటికి అలవాటు లేని పని చేస్తాను, ఊరుకుంటాను.

ఇక కల్పించినదేదో చెప్పాలి. కట్టుడుపళ్లు, గుంతల్లో ట్రాక్టర్లు మీరు ఈపాటికే కోసేసుంటారు, అవి లెక్కలోకి రావు. పదకొండు వేలన్నది నోటి అలవాటని రాశాను చూశారా, అదొక్కటే నేను అల్లింది. ఆ మాట జారలేదు. చూసి, ఎంచి అన్నాను. ఆ ఇద్దరికీ పడకుండా పోతే బెంచీ మళ్లీ నా అరటిగెల వైపు తిరుగుతుందనుకున్నాను.

తిరగలేదు. ఇప్పుడు కథలు నూకరత్నమే చెబుతుంది. నేను దూది పట్టుకుని పక్కన నిలబడి వింటాను.