నల్ల డొప్పల జత

పాడైన హెడ్‌ఫోన్లు బాగుచేయడం అతని పని. వీధిలో అందరూ చెవులాయన అని పిలిచేవారు. అక్కమొగుడి కొట్లో, వెనక గదిలో, కిటికీ పక్కన బల్ల వేసుకుని కూర్చునేవాడు. తెగిన వైరు అతికించి, అరిగిన మెత్తలు మార్చి, తన చెవికి నచ్చేదాకా వస్తువును చెయ్యి దాటనిచ్చేవాడు కాదు.

ఇన్నేళ్లూ ఎవరో చేసినవాటికి అతుకులేస్తూ బతికినవాడికి, సొంతంగా ఒక జత చేయాలన్న కోరిక పుట్టింది. స్పీకర్లు ఏరి తెచ్చుకున్నాడు. లోపల పలచగా ఉన్ని సర్దడం, వినడం, పీకేసి మళ్లీ సర్దడం. ఏడాది పైనే పట్టింది. చివరికి చెవుల్ని కప్పే, పేరూ ఊరూ లేని నల్ల డొప్పల్లో జత తయారైంది. దాన్ని కొట్టు ముందరి అద్దాల బీరువాలో చూసుకోవాలని అతని ఆశ. బీరువా బావది.

బావ కాసేపు విని తీసేశాడు.

"డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంది కదరా."

అక్క కూడా విని నవ్వింది. "పాడేవాళ్లకి జలుబు చేసిందేమోరా."

అతను జత తీసుకుని బల్ల దగ్గరికి వెళ్లాడు. ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్లీ రాని పేరున్న కంపెనీ జత ఒకటి బల్ల కింద పడి ఉంది. దాని లోపలిదంతా తీసేసి, తన జతలో పెట్టిన రకం స్పీకర్లే, అదే ఉన్ని బిగించాడు. కొన్నాళ్లాగి బావ చేతికిచ్చాడు. డొప్ప మీది వెండిరంగు గుర్తు చూడగానే బావ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"ఇదిరా వినడమంటే. పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. ఏమే, నువ్వూ విను."

అక్క విన్నది. "ప్రాణం లేచొచ్చిందిరా తమ్ముడూ. ఎవరివి?"

"నావే అక్కా. మొన్న నువ్వు నవ్విన జతా ఇదీ ఒకటే. డొప్పలే మారాయి."

స్క్రూలు తీసి రెండింటి లోపలా చూపించాడు. బావ మొహం కాస్త మాడింది, అంతలోనే తేరుకున్నాడు.

"మరింకేం, ఈ డొప్పల్లోనే చెయ్యి. రేపే ముందర పెడతా."

"అది వేరేవాళ్ల పేరు బావా."

"నీ పేరు ఎవడికి కావాలిరా?"

అక్క మాత్రం, అతను మళ్లీ బిగించి ఇచ్చిన రెండు జతలనూ మార్చి మార్చి వింటూనే ఉంది. "ఒకటే అంటున్నావు గానీ, నల్లదాంట్లో ఏదో తగ్గిందిరా. నీ మీద ఒట్టు."

ఆమె అబద్ధమాడే మనిషి కాదు. బావ మాటకన్నా అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

వాళ్లు భోజనానికి వెళ్లాక ఒక్కడే కూర్చుని, ఒకే పాట రెండింటిలోనూ విన్నాడు. ప్రతి స్క్రూ తను బిగించిందే. అయినా కంపెనీ గుర్తు ఉన్న జతలో గొంతు ఒక అడుగు దగ్గరికొచ్చి పాడుతున్నట్టు తోచింది. కాదనుకుని మళ్లీ విన్నాడు. మళ్లీ అలాగే ఉంది. ఏది ఏదో చూడకుండా, గోడవైపు తిరిగి విన్నాడు. డొప్ప మీది గుర్తు వేలికి తగులుతూనే ఉంది.

బావ తిరిగొచ్చేసరికి నల్ల జత బల్ల మీద విప్పి ఉంది.

"ఆ కంపెనీ డొప్పలు ఇంకెక్కడైనా దొరుకుతాయా బావా?" అన్నాడు, తలెత్తకుండా.