మదామ్ అనని మాట

ఇరవై ఏళ్ళకు పైగా నా గుండెల మీద ఒక బరువుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

పోయిన నెల రోజ్ హిల్‌లో ఒక ఫ్రెంచి దొరసాని చనిపోయింది. ఆ కబురు మా చెరకు కూలీల ఊరు కాంప్ ద మాస్క్‌లో ఉన్న మా అప్పకు అందింది. అప్ప అంటే నా తోడబుట్టిన పెద్దది. ఆమె తలస్నానం చేసి, అమ్మోరి గుడికి వెళ్ళి, మొక్కు తీరినవాళ్ళు కొట్టినట్టు కొబ్బరికాయ కొట్టింది. తిరిగొచ్చి ఒక ముక్క నా చేతిలో పెట్టి, "మన అయ్య ఉసురు తగిలిందిరా దానికి" అంది. నేను ఆ ముక్క తిన్నాను. నమిలి మింగాను. అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు.

నేను తపిస్యేని. ఈ దీవిలో ఇళ్ళ లోపలి ముస్తాబు చేసేవాణ్ణి అలా పిలుస్తారు. గోడలకు కాగితం, కుర్చీలకు గుడ్డ, తలుపులకు తెరలు. మా అయ్య బతుకంతా చెరకు నరికాడు. నేను పట్టుగుడ్డ మీద చెయ్యి వేసి బతికాను. కూలీ కొడుక్కి ఆ పని దొరకడం ఆ రోజుల్లో మాటలు కాదు. ఆ గర్వం నా తలకెక్కింది. ఎక్కలేదని ఏ నోటితో చెప్పను?

నా భార్యా పిల్లలు కాంప్ ద మాస్క్‌లో అయ్య దగ్గరే ఉండేవారు. నేను రోజ్ హిల్‌లో ఒక గది తీసుకుని, మదామ్ అని అందరూ పిలిచే ఆ దొరసాని ఇంట్లో పని చేసేవాణ్ణి. మొదట్లో ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. తర్వాత నెలకోసారి. ఆ తర్వాత అదీ లేదు. ఎందుకు రాలేదని అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది: దొరసాని వదల్లేదు. పాపం, మదామ్ పొద్దు వాలగానే పని ఆపమనేది. ఆదివారం ఇంటికి పొమ్మనేది. ఇంకాస్త వెలుతురుందమ్మా అని నేనే నిచ్చెన దిగేవాణ్ణి కాదు. నన్నెవరూ కట్టెయ్యలేదు. మరి ఎందుకు? ఇంటికెళ్తే నేను అందరిలాంటి మొగుణ్ణి, అందరిలాంటి తండ్రిని. ఆ నిచ్చెన మీద మాత్రం నా అంతటివాడు లేడనిపించేది. ఇంత చిన్న సంగతి ఒప్పుకోవడానికి జుట్టు నెరవాల్సి వచ్చింది.

మా కాంపులో భజన నడిపేది అయ్యే. ఆయనకు చదువు రాదు. ఓడ ఎక్కి ఈ దీవికి రాకముందు వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న రాముడి పాటలు కొన్ని ఆయన నోట్లోనే ఉండేవి. మరొకరికి రావు. ఎవరిచేతనైనా రాయిస్తే మాట నిలుస్తుంది గాని వరస నిలవదు, ఆ వరస నా గొంతుకే పడుతుందని ఆయన నమ్మకం. చిన్నప్పుడు మొదటి చరణాలు నేర్పాడు. మిగతావి పెద్దయ్యాక అన్నాడు. పెద్దయ్యాక నేను దొరకలేదు. ఇంతలో ఆయనకు రొమ్ము జబ్బు చేసింది. రమ్మని కబురు మీద కబురు పెట్టాడు. నేను కదలకపోయేసరికి తనే రైలెక్కి వచ్చాడు.

అప్పుడు మదామ్ హాలులో ఫ్రాన్సు నుంచి వచ్చిన కాగితం అతికిస్తున్నాను. తీగలు, వాటి మీద పక్షులు. ఒక పట్టీలో మొదలైన రెక్క పక్క పట్టీలో పూర్తవ్వాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పక్షి విరిగినట్టుంటుంది. సగం గోడలు అయ్యాయి, ఒక్క పక్షీ విరగలేదు.

అయ్య వరండా మెట్ల కింద నిలబడ్డాడు. మదామ్ పైన కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆయనకు ఫ్రెంచి రాదు, ఆమెకు తెలుగు రాదు. మధ్యలో నేను.

"మదామ్‌కి నా దణ్ణం సెప్పు. వారం రోజులు నిన్ను ఒగ్గమని అడుగు. నాకు ఊపిరాడ్డం నేదు. ఆ పాటలు నీ నోట్లో ఎట్టేస్తే, నానెల్లిపోయినా పర్నేదు" అన్నాడు.

ఈ మాటల్ని ఉన్నవున్నట్టే చెప్పాను. మదామ్ ఎగసిపడుతున్న ఆయన రొమ్ము వైపు చూసింది. మెల్లగా, ఇవాళే ఆయనతో వెళ్ళు, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండు, ఇక్కడి పని ఎదువార్ పూర్తి చేస్తాడులే అంది. ఎదువార్ నాతోటి పనివాడు. అతుకు దగ్గర వాడి చెయ్యి జారుతుంది. నా పక్షుల మీద వాడి చెయ్యా! 

"ఏటంటందిరా?" అన్నాడు అయ్య.

"ఒల్లదంటయ్యా. ఎల్తే మరి రానక్కర్లేదంట."

నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. ఎంత తేలిగ్గా వచ్చిందో!  అయ్య రెండు చేతులూ ఎత్తి మదామ్‌కు దణ్ణం పెట్టి, "ముసిలోణ్ణి తల్లీ, ఒక్కపాలి దయ సూడు" అని బతిమాలాడు. ఆమె అది కృతజ్ఞత అనుకుంది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, నవ్వి, తల ఊపి లోపలికి వెళ్ళింది. ఆ ఇద్దరి మధ్యా నేను చేతికి జిగురుతో నిలబడి ఉన్నాను. ఆ క్షణంలోనైనా నిజం చెప్పి ఉండవచ్చు కదా? రెండు గోడలే కదా, అవి కాగానే వెళ్దాం, అయ్య ఎక్కడికి పోతాడు అనుకున్నాను. అయ్యతో వెళ్ళనందుకు మదామ్‌కు ఇంకేదో సాకు చెప్పాను.

ఆఖరి పట్టీ అతికించకముందే అయ్య పోయాడు. నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి. దొరసాని వదల్లేదని అప్పతో అన్నాను. అప్ప దుమ్మెత్తిపోసింది, ఆమె మీద. కాంపు కాంపంతా తిట్టింది. ఇప్పటికీ శ్రీరామనవమి భజనలో అయ్య పాట అందుకుంటాం. మొదటి చరణం అయ్యాక అందరూ నా వైపు చూస్తారు. నా దగ్గర ఏముంది? తాళాలు ఆగిపోతాయి. "ఆ తెల్లది మింగేసింది మన పాటల్ని" అని ఎవరో ఒకరు అంటారు. నేను తల దించుకుంటాను. బాధతో దించుకున్నానని వాళ్ళు జాలి పడతారు. ఆ జాలిని ఇన్నేళ్ళూ సిగ్గు లేకుండా తీసుకున్నాను.

ఇంకొకటి ఉంది. ఇంతసేపూ మీ దగ్గర కూడా దాటవేశాను.

ఆ రోజు అయ్యను గేటు దాకా సాగనంపాను. ఊపిరి అందక గేటు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "నీ పని నువ్వు సూసుకోరా" అన్నాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ఆ యమ్మ మంచిదిరా. మనింట్లో ఎవుల్నీ ఆవిణ్ణి ఒక్క మాట అననీకు" అన్నాడు.

ఆయనకు అర్థమైపోయిందా? ఫ్రెంచి రాకపోతే మాత్రం మనిషి ముఖం తెలియదా? పొమ్మన్న మనిషి గుండె మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతుందా? ఎన్నిసార్లు తిరగేసినా ఒకటే తేలుతోంది. నా అబద్ధాన్ని పట్టేసుకున్నాడు. పట్టుకుని, ఏమీ అనకుండా వదిలేశాడు. ఆమె మీద మాట పడకుండా చూడమని మాత్రం అడిగాడు. పాటలు నేర్చుకోమంటే నేర్చుకోలేదు. ఇదొక్కటైనా చెయ్యవలసింది. చెయ్యలేదు, పైగా కొబ్బరిముక్క తిన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసినవాళ్ళు ఇద్దరూ లేరు. రేపు ఈ మాట అప్ప ముందు నా నోట వస్తుందో రాదో కూడా తెలియదు. వస్తే ఆమె నా ముఖం చూడదు. అందుకే ముందు మీ దగ్గర ఒక్కసారి అని చూస్తున్నాను.

మదామ్ వెళ్ళమంది. నేనే వెళ్ళలేదు.