నేను రాసిన రూల్

జర్మనీలో, లైప్‌జిగ్‌లో ఆ కంపెనీలో చేరిన రోజు మాది ఒకటే అంతస్తు. ఐదో నెలకు మూడయ్యాయి. ఫోన్‌లోనే బ్యాంకు ఖాతా తెరిచే యాప్ మాది. సోమవారం వచ్చిందంటే కొత్త ముఖాలు. లిఫ్టులో ఎదురైన మనిషి మావాడో, కింద పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చినవాడో తెలిసేది కాదు.

మోసపు ఖాతాలను పట్టే రూల్స్ రాయడం నా పని. దొంగ పత్రాలతో చేరేవాళ్లు ఎక్కువయ్యారని, శుక్రవారంలోగా ఏదో ఒకటి చెయ్యమని మా మేనేజరమ్మ తొందరపెట్టింది. చేరిన కొద్ది రోజుల్లోనే చిరునామా మార్చి, విదేశం నుంచి పెద్ద మొత్తం తెప్పించుకుంటే ఖాతా దానంతటదే ఆగిపోయేలా రాశాను. ఆపై ఒక మనిషి పత్రాలు చూసి వదలాలి.

"కొత్తగా వచ్చిన విద్యార్థులు కూడా ఇందులో ఇరుక్కుంటారు," అన్నాను.

"ముందు ఆపుదాం. చూసేవాళ్లను తర్వాత తీసుకుందాం," అంది.

నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. నోరు మూసుకున్నాను.

మూడు వారాల తర్వాత కస్టమర్ కేర్ అమ్మాయి ఒకామె హెడ్‌సెట్ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఫోన్‌లో ఎవరో ఏడుస్తున్నారని, మధ్యలో మాట్లాడేది మీ భాషేమో చూడమని అడిగింది.

"హలో... తెలుగేనా? ఏమైందమ్మా, చెప్పు," అన్నాను.

"అయ్యో, మీరు తెలుగువాళ్లా అండీ? అక్కా, నేను జార్‌బ్రూకెన్‌లో చదువుతున్నాను. పదకొండు రోజులైందక్కా అకౌంట్ బ్లాకై. మీటే, అదే అద్దె, కట్టలేదని ఓనరు గది ఖాళీ చెయ్యమంటున్నాడు. పక్క గది అమ్మాయి పెడితే తింటున్నాను. ఎన్ని మెయిళ్లు పెట్టినా 'పరిశీలిస్తున్నాం' అని అదే జవాబు. నేనేం తప్పు చేశానక్కా?"

"అడ్రస్ మార్చినవా?"

"మొదట ఫ్రెండ్ ఇంట్లో ఉన్నానక్కా. అక్కడ ఆన్‌మెల్డుంగ్, అదే అడ్రస్ రిజిస్ట్రేషన్, కుదర్లేదు. అందుకే మారాను. అది తప్పా?"

తప్పు కాదమ్మా అన్నాను. ఆ రూల్ రాసింది నేనేనని చెప్పే ధైర్యం రాలేదు.

మేనేజరు దగ్గరికి వెళ్లి ఆ రూల్‌ను తాత్కాలికంగానైనా ఆపమని బతిమాలాను. వచ్చే వారం పెట్టుబడిదారులు వస్తున్నారని, ఇప్పుడు ఏదీ కదిలించవద్దని, ఆ అమ్మాయి కూడా అందరిలాగే వరుసలో ఆగాలని చెప్పి ఇంకో మీటింగుకు వెళ్లిపోయింది.

వచ్చి కూర్చుని ఆగిన ఖాతాల జాబితా తెరిచాను. ముందు ఆ అమ్మాయి పాస్‌పోర్టు, యూనివర్సిటీ కాగితం, ఇంటి కాగితం చూసి ఖాతా వదిలాను. ఆగుదామనుకున్నాను. కింద అలాంటిదే ఇంకో పేరు. దాని కింద ఇంకొకటి. అందరివీ చదివాను, సరైనవన్నీ వదిలాను. రూల్స్ పరీక్షించడానికి ఇచ్చిన లాగిన్‌తో వదిలాను గానీ, ఖాతాలు వదిలే అధికారం నాకు లేదు. సాయంత్రానికి సిస్టమ్ నన్ను బయటికి తోసేసింది.

మర్నాడు ఉదయం పిలిచారు. ప్రొబేషన్‌లో తీసెయ్యడానికి కారణం చెప్పనక్కర్లేదట. పది నిమిషాల్లో లాప్‌టాప్ తీసుకున్నారు.

ఇంటికి వెళ్లేసరికి మా ఆయన జర్మన్ క్లాసుకు బయల్దేరుతున్నాడు. చెప్పాను. బ్యాగు అక్కడే దించేశాడు.

"మరి బ్లూ కార్డు వీసా?"

"మూడు నెలల్ల ఇంకో జాబ్ దొర్కాలె. లేకపోతే ఇండియాకు పోవుడే."

"ఆ పిల్ల కోసమా?"

"నేను రాసిన దాని కోసం."

ఆయన బ్యాగు మళ్లీ భుజాన వేసుకుని క్లాసుకు వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ మూడు నెలలు ఎలా గడిచాయో సరిగ్గా గుర్తు లేదు. తెల్లారగానే దరఖాస్తులు, మధ్యాహ్నానికి తిరస్కారాలు. ఐదు నెలలకే ఎందుకు మానేశారని ప్రతి ఇంటర్వ్యూలో అడిగేవారు. ఒక్కసారి నిజం చెప్పాను. అవతలి ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ, ప్రశ్నలు ఆగిపోయాయి. ఆ తర్వాత టీమ్ మారిందని అబద్ధం చెప్పడం నేర్చుకున్నాను. అన్నం సహించేది కాదు. కింద పోస్టు డబ్బా చప్పుడైతే, వీసా ఆఫీసు ఉత్తరమేమోనని మెట్లు దిగి పరుగెత్తేదాన్ని.

గడువు ఇంకా వారం ఉందనగా హైడెల్‌బర్గ్‌లో ఒక చిన్న కంపెనీ తీసుకుంది. కాంట్రాక్టు వచ్చిన రోజు మా ఆయన పాయసం చేస్తానన్నాడు. వద్దన్నాను. దుప్పటి కప్పుకుని, చెప్పులతోనే మంచం మీద పడి, చీకటి పడేదాకా లేవలేదు.