మేకకు కొమ్ము

మొన్న వానలో చిత్తూరు నుంచి వస్తుంటే బంగారుపాళ్యం దగ్గర మా బస్సు పక్కనే మేకల లారీ ఒకటి ఆగింది. తడిసిన మేకల వాసన కిటికీలోంచి లోపలికి రాగానే అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నాకది అక్టోబరు చివరి ఆదివారపు వాసన, మా చర్చి వాసన.

మా ఊళ్ళో మమ్మల్ని మేకలోళ్ళనేవారు. ఎగతాళి చేసేవాళ్ళదీ గౌరవించేవాళ్ళదీ అదే మాట. మా తాతకు తాత ఊరి రెడ్లకు మేకలు కాసేవాడు. గుట్ట కింద ఒక తెల్లదొర చెబుతున్న కథ విని ఆ రోజే మతం పుచ్చుకున్నాడట. ఆ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. జర్మనీ దేశంలో గుడి పెద్దలు పాపక్షమాపణను అమ్ముకుంటుంటే ఒక సన్యాసికి కోపమొచ్చి, తొంభై ఐదు మేకలను తోలుకొచ్చి గుడి తలుపుకు కట్టి, ఇన్ని మేకలిచ్చినా పాపం పోదు, క్షమాపణ దేవుడు ఉచితంగా ఇచ్చేది అన్నాడట. అట్లా ఎదురు చెప్పినవాళ్ళే ప్రొటెస్టెంట్లట. మేమూ వాళ్ళమేనట.

ఆ సన్యాసిని తలుచుకునే ఆదివారానికి ముందు వారమంతా చర్చి గోడలకు సున్నం కొట్టేవారు. వాన ఆగీ ఆగకుండా పడుతుంటే, పొలాల నుంచి మట్టితో సహా పెరికి తెచ్చిన శెనిక్కాయలు ప్రతి ఇంటి పొయ్యి మీదా ఉప్పునీళ్ళలో ఉడుకుతుండేవి. మేము ఆ కాయలు జేబుల్లో పోసుకుని, చర్చి వెనక సన్యాసి ఆట ఆడేవాళ్ళం. పెద్దవాడు సన్యాసి, మిగతా అందరం మేకలం, బురదలో మోకాళ్ళ మీద పాకుతూ అరిచేవాళ్ళం. ఆదివారం ఒక మేకను కడిగి, అవిసాకు మేతగా వేసి, చర్చి తలుపుకు కట్టేవారు. ఆ రోజు ఊళ్ళో ఏ క్రైస్తవుడూ మేకమాంసం ముట్టడు. ప్రేమవిందులో సంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి పచ్చడి. మొదటి బెంచీ మాది. అందులో మిషన్ బడి హెడ్మాస్టరైన మా తాత నల్లకోటు వేసుకుని కూర్చునేవాడు. మా ఇంటి పిల్లల్లో పదమూడేళ్ళు నిండినవాళ్ళు సంఘం ముందు నిలబడి ఆ కథ చెప్పాలి. ఆ హక్కు వేరే ఇంటికి లేదు.

నా వంతు వచ్చిన సంవత్సరమే ఎనిమిదో తరగతిలో సోషల్ అయ్యవారు ఆ పాఠం చెప్పాడు. ఆయన నోరు తెరవకముందే నేను లేచి, మా ఇంటి కథ అన్న గర్వంతో, మేకలతో సహా అప్పజెప్పాను. అయ్యవారు నవ్వి, సన్యాసి తలుపుకు కొట్టింది తొంభై ఐదు వాదనలు రాసిన కాగితమనీ, దానికి కావలసింది మేకులే తప్ప మేకలు కాదనీ అన్నాడు. ఆ వారమంతా నేను వరండాలో కనబడితే చాలు, పిల్లలు మే మే అన్నారు.

శనివారం సాయంత్రం తాత వసారాలో కోటు దులుపుతున్నాడు.

"తాతా, మేకలు కాదంట. మేకులంట."

ఆయన దులపడం ఆపలేదు. "తెలుసురా. మా నాయనకూ తెలుసు."

దొరకు తెలుగు కొత్తట. మేకు అనబోయి మేక అన్నాడట. కొట్టినాడు అన్నది కూడా ఆయన నోట కట్టినాడు అన్నట్టే వినిపించిందట. "దొర కొమ్ము మింగేసినాడు. మా తాత దానికి రెండు కొమ్ములు మొలిపించినాడు" అని తాత నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రేపు సరిగ్గా చెబుతానన్నాను.

"మేకులని ఇనింటే మా తాత వచ్చిండేవాడా? మేకలోడికి మేకులతో ఏం పని? మేకలని ఇన్నాడు, వచ్చినాడు. రేపు నువ్వు మేకులంటే ఆయన వచ్చిందే తప్పయిపోతాది."

"మనం ఎదురు చెప్పినోళ్ళం కదా తాతా."

"రోములో ఉండే పోపుకు చెప్పుకో పో. నాకు గాదు."

మరుసటి రోజు సంఘం ముందు నిలబడ్డాను. వెనక బెంచీల్లో నా తరగతి వాళ్ళిద్దరు ఎదురుచూస్తున్నారు. మేకలు అన్నాను. వాళ్ళు మెల్లగా మే అన్నారు. పాస్టరుగారు తల వంచుకుని తన చెప్పులు చూసుకుంటున్నారు. ఆయనకూ తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. వచ్చిన ప్రతి పాస్టరూ మా ఇంటి ముఖం చూసి ఊరుకున్నవాడే. దిగి రాగానే తాత నా తల మీద చెయ్యి పెట్టాడు. అందరూ దాన్ని ఆశీర్వాదమనుకున్నారు. నాకు మాత్రం తలుపుకు గొళ్ళెం పడినట్టనిపించింది.

ఇప్పుడు ఆ మిషన్ బడి లేదు. మా ఇల్లు వెనక భాగం కూలి, ముందు రెండు గదులే మిగిలాయి. మేకలు తిరిగిన గుట్టలన్నీ మామిడి తోటలై చుట్టూ కంచెలొచ్చాయి. చర్చి తలుపుకు మేకను కట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. కథ చెప్పే హక్కు మాత్రం, నాకు పిల్లలు లేనందువల్ల, నా దగ్గరే ఉండిపోయింది.

పోయిన అక్టోబరులో కొత్త పాస్టరు గోడకు తెర కట్టి బొమ్మలు వేశాడు. సన్యాసి, సుత్తి, కాగితం, మేకులు. పాపం మర్యాదస్థుడు, నన్ను నొప్పించకూడదని, "పెద్దాయనా, మీరు చదువుకున్నోళ్ళు. ఇది సరే కదా?" అని అడిగాడు.

లేచి నిలబడ్డాను. ఒక్క అవును అంటే సరిపోయేది.

"మా ఇంట్లో మేకలే" అన్నాను.

కుర్రవాళ్ళు నవ్వారు. "అంత చదివిన మనిషికి తెలీదా అబ్బా?" అని ఎవరో పక్కవాణ్ణి అడగడం వినబడింది. తెలుసంటే నాలుగు తరాల పెద్దలను అబద్ధీకులను చేసినట్టు. తెలియదంటే నేను మూఢుణ్ణి. మూఢుడిగానే కూర్చున్నాను.